ఒకే టికెట్టా, రెండు టికెట్లా: ట్రాన్సిట్ వీసా విషయంలో జాగ్రత్తలు

కూతురి కాన్పుకని అమెరికా బయలుదేరిన మిర్యాలగూడ ప్రాంతపు దంపతులను ఈ మధ్య శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేశారు. పాస్‌పోర్టులు సరిగానే ఉన్నాయి, అమెరికా వీసాకు ఇంకా ఏళ్ల గడువుంది. అయితే ధర తగ్గుతుందని ఏజెంటు ఐరోపా వరకు ఒక టికెట్, అక్కడి నుంచి అమెరికాకు వేరే సంస్థలో ఇంకో టికెట్ కొన్నాడు. ఆగస్టు చదువులకు వెళ్లే పిల్లలతో, వారిని చూడబోయే తల్లిదండ్రులతో నల్లగొండ, పాలమూరు ఇళ్లలో పెట్టెలు సర్దుతున్న ఈ రోజుల్లో అందరూ ముందుగా తెలుసుకోవలసింది ఈ రెండు టికెట్ల సంగతే.

“మధ్యలో దిగే దేశానికి వీసా అక్కర్లేదు” అని ఏజెంటు చెప్పే మాట చాలాచోట్ల నిజమే కానీ, ప్రయాణికుడు విమానాశ్రయంలోని అంతర్జాతీయ ట్రాన్సిట్ ప్రాంతం (ఇమ్మిగ్రేషన్‌కు వెళ్లకుండానే విమానం మారే చోటు) దాటనంతవరకే అది నిజం. ఒకే పీఎన్‌ఆర్ మీద ప్రయాణమైతే సాధారణంగా చివరి ఊరి ట్యాగ్‌ను లగేజీకి ఇక్కడే వేసి, రెండో బోర్డింగ్ పాస్ కూడా ఇక్కడే ఇస్తారు. టికెట్లు విడివిడిగా ఉంటే రెండో సంస్థకు మొదటి ప్రయాణంతో సంబంధం లేదు. పెట్టెలు మధ్య ఊళ్లోనే బెల్టు మీదికి వస్తాయి, వాటిని తీసుకోవాలంటే ఇమ్మిగ్రేషన్ దాటాలి, దాటాలంటే ఆ దేశంలో అడుగుపెట్టే వీసా కావాలి. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం ప్రయాణికుడిదే.

పత్రాలు సరిగా లేనివారిని ఎక్కించుకుంటే జరిమానా, వెనక్కి తెచ్చే ఖర్చు విమాన సంస్థ మీద పడతాయి. అందుకే కౌంటర్‌లోని ఉద్యోగి టిమాటిక్ అనే నిబంధనల పట్టికలో చూసి నిర్ణయిస్తాడు. బతిమాలడం వల్ల ఉపయోగం ఉండదు.

అన్ని దేశాలదీ ఒకే పద్ధతి కాదు. అమెరికాలో ట్రాన్సిట్ ప్రాంతమనేదే లేదు. మెక్సికోకో కెనడాకో పోతూ అక్కడ విమానం మారేవారు సైతం ఇమ్మిగ్రేషన్ దాటాల్సిందే, అందుకు వీసా ఉండాల్సిందే. కెనడా మీదుగా వెళ్లే భారతీయులకు అమెరికా వీసా ఉన్నా కెనడా ట్రాన్సిట్ వీసా కావాలి. దానికి రుసుము లేదు, అయినా ముందే దరఖాస్తు చేయాలి. బ్రిటన్‌లో విమానం మారడానికి మనవాళ్లకు మామూలుగా ట్రాన్సిట్ వీసా అవసరం, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాల్లో ఏదైనా చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. షెంజెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి) ఉమ్మడి ట్రాన్సిట్ వీసా తప్పనిసరి జాబితాలో భారత్ లేదు కానీ, ఒక్కో దేశం విడిగా నిబంధన పెట్టుకోవచ్చు, తీసేయనూ వచ్చు. కాబట్టి నిరుడు వెళ్లొచ్చిన బంధువు మాట ఈ ఏడాదికి ఆధారం కాదు. రెండు షెంజెన్ నగరాల్లో విమానం మారే టికెట్ అయితే ఆ రెంటి మధ్య ప్రయాణం దేశీయ ప్రయాణంతో సమానం కనుక, పూర్తి షెంజెన్ వీసా లేకుండా కుదరదు.

అమెరికాలో ఉద్యోగం చేస్తూ, పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు దాటిపోయి ఐ-797 కాగితం (దరఖాస్తు ఆమోదించినట్టు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే పత్రం) మీద ఉంటున్న పిల్లలు ఇంటికి వచ్చేటప్పుడు బ్రిటన్ దారి విషయంలో మరీ జాగ్రత్తపడాలి. ఆ కాగితం వీసా కాదు. వారికి దోహా, దుబాయ్ దారులు తేలిక, అదీ ఒకే టికెట్ మీదైతేనే.

దుబాయ్ అన్నాక గసగసాల మాట చెప్పక తప్పదు. ఎమిరేట్స్ దేశంలో అవి నిషేధం, మసాలా పొడిలో కలిపినా సరే. రెండు టికెట్ల వల్ల అక్కడ పెట్టె తీసుకుని కస్టమ్స్ దాటవలసి వస్తే, వంటింటి సరుకు కేసుగా మారుతుంది. ట్రామడాల్, కోడీన్ కలిసిన మాత్రలకు కూడా అక్కడ ముందస్తు అనుమతి ఉండాలి.

డబ్బు కట్టకముందే పీఎన్‌ఆర్ ఒకటేనా అని అడగండి.

“సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్” (మధ్యలో పెట్టెలు తీసుకుని రెండో విమానానికి మనమే మళ్లీ చెక్-ఇన్ చేసుకోవడం) అన్న మాట కనిపిస్తే ఆ టికెట్ వదిలేయండి.

దిగే విమానాశ్రయం, మళ్లీ ఎక్కే విమానాశ్రయం ఒకటే అయి ఉండాలి. హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కడమంటే బ్రిటన్‌లో అడుగుపెట్టడమే.

ట్రాన్సిట్ నిబంధన ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడండి, కొనేటప్పుడు ఒకసారి, బయలుదేరే వారంలో మరోసారి.

పాస్‌పోర్టుకు 6 నెలల గడువు మిగలాలి.

ట్యాగ్ మీద చివరి ఊరి పేరు చదవకుండా కౌంటర్ వదలకండి.

పత్రాలన్నీ చేతిసంచిలోనే ఉండాలి, ఫోన్‌లో మాత్రమే ఉంటే చాలదు.

ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లను రెండు టికెట్ల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకండి, ఎంత తక్కువకు వచ్చినా సరే.

కౌంటర్ దగ్గర ఆపేస్తే విమానం కదలకముందే సంస్థతో మాట్లాడి తేదీ మార్పించుకోండి. కబురు లేకుండా మొదటి విమానం వదిలేస్తే, ఆ టికెట్‌లోని మిగతా ప్రయాణాలు, తిరుగు ప్రయాణంతో సహా, సాధారణంగా రద్దయిపోతాయి.