థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో కారు అద్దెకు తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగే, స్టీరింగ్ కుడివైపే, కాబట్టి ఆ టెన్షన్ లేదు. కాగితాల దగ్గర మాత్రం నిర్లక్ష్యం వద్దు.

మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. బయల్దేరే ముందే ఆర్‌టీఓలో తీసుకోండి, ఏడాది పనిచేస్తుంది.

పాస్‌పోర్ట్ డిపాజిట్‌గా అడిగితే ఇవ్వొద్దు, కాపీ ఇవ్వండి, ఒప్పుకోకపోతే ఇంకో షాపు చూసుకోండి.

ఇన్సూరెన్స్ ఉందంటే సరిపోదు. అక్కడి తప్పనిసరి పాలసీ మనుషుల గాయాలకే, కారు సొట్టలకు పైసా రాదు, అందుకే ఫస్ట్ క్లాస్ ఇన్సూరెన్స్ (కారు నష్టానికీ వర్తించే పాలసీ) ఉందా, ప్రమాదం జరిగితే మన జేబులోంచి ఎంత కట్టాలి అన్నది కాగితం మీద చూశాకే సంతకం పెట్టండి.

తాళం తీసుకునేటప్పుడే బంపర్లు, చక్రాలు, అద్దాలు, పెట్రోల్ ముల్లు, అన్నీ వాళ్ల ఎదురుగానే వీడియో తీయండి. మొహమాటపడితే తర్వాత పాత గీతలకు కూడా మీరే కట్టాల్సి రావచ్చు.

కథు ఊరి నుంచి పటాంగ్ బీచ్ వైపు దిగే కొండ రోడ్డు బాగా నిటారు. ఆటోమేటిక్ అయినా లో గేర్‌లో దిగాలి. మే నుంచి అక్టోబర్ దాకా వానలు, అప్పుడైతే మరీ నెమ్మదిగా.

ఎదుటి బండి లైట్లు కొడితే దారిస్తున్నాడనుకోకండి, చాలాసార్లు "నేనే వస్తున్నా, ఆగు" అని.

రోడ్డు అంచుకు ఎరుపు-తెలుపు రంగు వేసిన చోట పార్కింగ్ నిషేధం. పసుపు-తెలుపు దగ్గర కాసేపు ఆగొచ్చు, అంతే.

బీర్ తాగే సాయంత్రమైతే కారు హోటల్లోనే ఉండనివ్వండి.

టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఫోన్‌లో సేవ్ చేసుకోండి.