ఇంట్లో పెద్దవారి పోషణ – పాఠం 4: తూకం తగ్గకపోయినా మనిషి తగ్గడం

గత పాఠంలో బరువు తగ్గుదల శాతం కట్టమన్నాను. మీ లెక్కల్లో సగం వరకు ఒకే చోట తప్పాయి. భాగించాల్సింది పాత బరువుతో, ఇప్పటి బరువుతో కాదు. 63 కిలోల మనిషి ఆరు నెలల్లో 60కి వస్తే 3ను 63తో భాగించండి, 4.8 శాతం వస్తుంది. 60తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది, హద్దు దగ్గర అనవసరంగా కంగారు పడతారు. ఆరు నెలల్లో 5 శాతం దాటితే పట్టించుకోవాలి, 10 దాటితే ఆలస్యం చేయకూడదు. ఈ లెక్క మళ్లీ చెప్పను.

నాకు విసుగు తెప్పించే మాట మరొకటి ఉంది: "అమ్మ సరిగా తినడం లేదు, కానీ బరువు తగ్గలేదు, కాబట్టి ఫర్వాలేదు." అమ్మ కాళ్లు చూశారా? ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. సంక్రాంతికి 52 కిలోలున్న ఆవిడ శ్రీరామనవమికి కూడా 52 తూగవచ్చు. మధ్యలో మూడు కిలోల కండ పోయి మూడు లీటర్ల నీరు చేరినా తూకానికి తెలియదు. చీలమండకు పైన, ఎముక మీద బొటనవేలితో కొన్ని క్షణాలు గట్టిగా నొక్కి తీయండి. సొట్ట నిలిచిందంటే నీరు పట్టింది. మంచం మీదే ఉండేవారికి నీరు నడుము వెనక చేరుతుంది, అక్కడ నొక్కాలి. గుండె, మూత్రపిండాలు, కాలేయం, చివరికి అమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్ర కూడా వాపు తేవచ్చు. అందుకని కారణం డాక్టరు తేల్చాలి, మీరు మాత్రలు మానిపించకండి. ఈలోగా తూకాన్ని నమ్మవద్దు. కణతలు గుంటపడ్డాయా, గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, ఉంగరానికి దారం చుట్టుకున్నారా చూడండి. ఆ దారం చాలాసార్లు తూకం కంటే ముందే చెబుతుంది.

ఇక అసలు పాఠం, చిన్నదే. కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేలకు ఆనించి, పిక్క బాగా లావుగా ఉన్నచోట టైలరు టేపు చుట్టండి, బిగించవద్దు. 31 సెంటీమీటర్ల లోపు ఉంటే కండ తగ్గిందని అనుమానించాలి. కాళ్లు వాచినవారికి ఈ కొలత పనికిరాదు. భుజం ఎముక కొసకూ మోచేతికీ సరిగ్గా మధ్యన జబ్బ చుట్టూ కొలవండి. 23.5 లోపు ఉంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె) 20 కంటే తక్కువ ఉండవచ్చు. గూని వచ్చిన మనిషిని గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి బీఎంఐ కట్టడం కన్నా నాకు ఇదే నచ్చుతుంది.

కొలత తక్కువ వచ్చిందని ఒక్కసారిగా కొసరి కొసరి పెట్టకండి. వారం రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి హఠాత్తుగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివారిని ముందు డాక్టరుకు చూపించాలి.

అభ్యాసం: మూడు రోజులు, పూటపూటా, వంటింటి తూకంతో కంచం వడ్డించాక ఒకసారి, తిన్నాక ఒకసారి తూచి రాయండి. పప్పుచారు గిన్నెలో పప్పు అడుగునే మిగిలిందా అన్నదీ రాయాలి. వారికి చెప్పే చేయండి, దొంగచాటుగా వద్దు. మూడింటిలో ఒకటి ఆదివారం కావాలి. పిల్లలు ఇంట్లో ఉన్న పూట ఎంత తిన్నారు, ఒంటరిగా ఉన్న పూట ఎంత తిన్నారు అన్న తేడాతోనే ఐదో పాఠం మొదలవుతుంది.