కొత్త డిస్కుకు మార్చాక లైనక్స్ లేవకపోతే

ఉబుంటు, డెబియన్ వంటి సిస్టమ్‌ను పాత డిస్కు నుంచి కొత్త ఎస్‌ఎస్‌డీకి మార్చాక అది లేవకపోతే, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి తొందరపడకండి. కాపీ సరిగ్గా జరిగి ఉంటే మీ ఫైళ్లన్నీ భద్రంగానే ఉంటాయి. ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్), గ్రబ్ (కెర్నెల్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్), ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు డిస్కు తెరుచుకునేదాకా పనిచేసే చిన్న తాత్కాలిక సిస్టమ్), ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏ పార్టిషన్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో, అంటే జతచేయాలో, చెప్పే ఫైలు) తమకు కావలసిన డిస్కు గుర్తింపును ఎవరికి వారే రాసి పెట్టుకుంటాయి. వాటిలో ఏదో ఒకటి ఇంకా పాత డిస్కునే వెతుకుతోంది. బూట్ ఎక్కడ ఆగిందో చూస్తే అది ఏదో తెలిసిపోతుంది.

ముందుగా పాత డిస్కును విడదీసి పక్కన పెట్టండి. డీడీ కమాండ్‌తో డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే యూయూఐడీలు (పార్టిషన్లను గుర్తించే ప్రత్యేక సంఖ్యలు) కూడా యథాతథంగా వస్తాయి. రెండు డిస్కులూ తగిలించి ఉంటే సిస్టమ్ దేని నుంచి లేచిందో చెప్పలేం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే డేటాకే ముప్పు.

సమస్య: బూట్ డిస్కు లేదంటుంది, లేదా గ్రబ్ రెస్క్యూ దగ్గర ఆగుతుంది

కారణం: యూఈఎఫ్‌ఐ (కొత్త తరం ఫర్మ్‌వేర్) బూట్ ఎంట్రీ ఉండేది మదర్‌బోర్డు మెమరీలో. అది పాత డిస్కు పార్టిషన్‌నే చూపిస్తోంది. గ్రబ్ రెస్క్యూ కనిపిస్తే, గ్రబ్ మొదలైంది కానీ తన ఫైళ్లు దానికి దొరకలేదు.

పరిష్కారం: లైవ్ యూఎస్‌బీని యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే బూట్ చేయండి. కొత్త రూట్ పార్టిషన్‌ను (సిస్టమ్ ఉండేది), దాని లోపల బూట్ ఫోల్డర్ కింద ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను మౌంట్ చేయండి. డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లను ఆర్‌బైండ్‌తో జతచేసి, క్రూట్‌లోకి (కొత్త డిస్కులోని సిస్టమ్ లోపలి నుంచే కమాండ్లు నడిపే పద్ధతి) వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ నడపండి. మామూలు బైండ్ సరిపోదు: ఈఎఫ్‌ఐ వేరియబుల్స్ సిస్ లోపల విడిగా మౌంట్ అయి ఉంటాయి, అవి క్రూట్‌లోకి రావు. ఈ పని తలపెట్టిన చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

సమస్య: రూట్ డిస్కు కోసం ఎదురుచూసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్‌లో పడుతుంది

అక్కడే బీఎల్‌కేఐడీ (డిస్కులనూ వాటి యూయూఐడీలనూ చూపే కమాండ్) అని కొట్టి చూడండి. కొత్త డిస్కు జాబితాలో లేకపోతే దాని డ్రైవర్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో లేదన్నమాట. సాటా డిస్కు నుంచి ఎన్‌వీఎంఈ డిస్కుకు మారినప్పుడు, పాత హార్డ్‌వేర్‌కు కావలసిన మాడ్యూళ్లే చేర్చే సెట్టింగ్ ఉంటే ఇలా జరుగుతుంది. క్రూట్‌లోకి వెళ్లి అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో అన్ని కెర్నెళ్లకూ కొత్తగా తయారుచేయండి. డిస్కు కనిపిస్తోంది కానీ యూయూఐడీ వేరుగా ఉందంటే, క్రూట్‌లో అప్‌డేట్-గ్రబ్ నడిపితే చాలు.

సమస్య: 90 సెకన్లు ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళుతుంది

తప్పు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉంది. రూట్ వరుస సరిచేసి, హోమ్, ఈఎఫ్‌ఐ వరుసలను మరచిపోవడం మామూలే. బీఎల్‌కేఐడీ చూపిన యూయూఐడీలతో ఒక్కో వరుసా పోల్చి దిద్దండి. స్వాప్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడే పార్టిషన్) కొత్తగా తయారుచేస్తే దాని యూయూఐడీ కూడా మారుతుంది. అందువల్ల బూట్ ఆగిపోదు, ఆలస్యమవుతుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ టూల్స్‌లోని రెజ్యూమ్ ఫైలులోనూ ఆ సంఖ్య మార్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి తయారుచేయండి.

సమస్య: అంతా బాగుంది, స్థలం మాత్రం పాతదే

పార్టిషన్ పెరగలేదు. గ్రోపార్ట్‌తో దాన్ని పెంచి, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ అయితే రీసైజ్2ఎఫ్‌ఎస్ నడపండి. సిస్టమ్ నడుస్తుండగానే చేయవచ్చు.

ఫెడోరా వాడేవారికి ఒక మాట. ఆర్‌సింక్‌తో కాపీ చేసినప్పుడు పెద్దక్షరం ఎక్స్ ఆప్షన్ ఇవ్వకపోతే ఎస్‌ఈలైనక్స్ (భద్రతా వ్యవస్థ) లేబుళ్లు రావు, లాగిన్ కూడా కుదరకపోవచ్చు. రూట్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైలు పెట్టి రీబూట్ చేయండి. లేబుళ్లు మళ్లీ పడేదాకా పవర్ తీయకండి.