బుల్లెట్‌కు సైడ్‌కార్ బిగించేటప్పుడు

సైడ్‌కార్ అంటే బండి పక్కన తగిలించే ఒంటి చక్రం తొట్టి. మనం రోడ్డుకు ఎడమపక్క నడుపుతాం కాబట్టి అది కూడా ఎడమవైపే. ముందు కాగితాల పని చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 2(27) సెక్షన్‌లో మోటార్‌సైకిల్ అంటేనే విడదీయగల సైడ్‌కార్‌తో కలిపి. అయినా బండి రూపం మారుతోంది గనక 52వ సెక్షన్ కింద ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. బీమా కంపెనీకీ తెలియజేయాలి.

బండిని సైడ్‌కార్‌తో కలిపే రాడ్ల బిగింపుకు నాలుగు చోట్లు కావాలి, మూడుతో సరిపెట్టొద్దు. కింద రెండు: ఒకటి ముందు డౌన్‌ట్యూబ్ (ఇంజిన్ ముందు కిందికి దిగే ఫ్రేమ్ పైపు) అడుగున, ఇంకొకటి స్వింగ్‌ఆర్మ్ పివట్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం కీలు) దగ్గర. పైన రెండు: హ్యాండిల్ మెడ కింద ఒకటి, సీటు కింద షాకబ్జార్బర్ పైకొస దగ్గర ఒకటి. ఫ్రేమ్‌కు నేరుగా వెల్డింగ్ పెట్టించకండి. వేడి తగిలిన చోట పైపు గుణం మారి, ఆ పక్కనే పగులుతుంది. రెండు ముక్కల క్లాంపులు చేయించి, 12 మి.మీ. 8.8 గ్రేడ్ (గట్టి ఉక్కు) బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవ్వనివి) వేయండి. క్లాంపు కింద రబ్బరు ముక్క పెట్టే అలవాటు కొందరికి ఉంది. అది నలిగిపోయి కొలతలన్నీ కదిలిపోతాయి. సైడ్ స్టాండ్ తీసేయాలి. ఎడమ గేరున్న బండికి, బూటు వేసుకున్న కాలితో గేర్లన్నీ మార్చి చూడండి, కింది రాడ్ అడ్డు తగలకూడదు.

సైడ్‌కార్ చక్రం ఇరుసు బండి వెనక ఇరుసుకు సూటిగా కాకుండా 150 నుంచి 250 మి.మీ. ముందుకు ఉండాలి. బాగా వెనక్కి ఉంటే కుడి మలుపులో బండి వెనక చక్రం లేచి సైడ్‌కార్ ముక్కు మీదికి ఒరుగుతుంది, మరీ ముందుకు ఉంటే హ్యాండిల్ బరువెక్కి టైరు అరుగుతుంది.

ఇక అసలు పని అలైన్‌మెంట్, అంటే చక్రాల వరస, వాలు సరిచేయడం. చదునైన గచ్చు మీద, టైర్లలో గాలి సరిచూసి మొదలుపెట్టాలి. వంకర లేని రెండు అల్యూమినియం సెక్షన్లు తెచ్చి ఇటుకల మీద పెట్టండి: ఒకటి బండి రెండు టైర్లకూ ఎడమ పక్కన ఆనించి, ఒకటి సైడ్‌కార్ టైరుకు ఆనించి. వెనక టైరు 110, ముందుది 90 అయితే ముందు టైరు దగ్గర 10 మి.మీ. చెక్కముక్క దూర్చాలి, లేకపోతే కొలత తప్పుతుంది. ఇప్పుడు రెండు సెక్షన్ల మధ్య దూరం ముందు చక్రం ముందర ఒకసారి, వెనక చక్రం వెనకాల ఒకసారి కొలవండి. ముందరి కొలత 15–20 మి.మీ. తక్కువ రావాలి. ఇదే టో-ఇన్.

కింది బోల్టులతో టో కుదిరాక పై రాడ్లతో వాలు. రోడ్డు అంచు ఎడమకు పల్లంగా ఉంటుంది, పైగా సైడ్‌కార్ వెనక్కి లాగుతుంది. అందుకే నడిపేవాళ్లు కూర్చున్నాక బండి కుడికి ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు వాలాలి. మేస్త్రీల రెండడుగుల రసమట్టం నిలువుగా పట్టుకుంటే పైకొస 10–15 మి.మీ. కుడికి పోవడమన్నమాట. వాలు మారిస్తే టో కూడా కదులుతుంది, మళ్లీ కొలవక తప్పదు. ఓపిక చాలని మెకానిక్‌లు సరిగ్గా ఇక్కడే వదిలేస్తారు.

చదునైన రోడ్డు మీద 40 వేగంతో చూడండి. ఎడమకు లాగుతుంటే వాలు కాస్త పెంచాలి, కుడికి లాగితే తగ్గించాలి. నిలకడగా పోతున్నా సైడ్‌కార్ టైరు అంచులు గరుగ్గా అరుగుతుంటే టో తప్పు. 25–35 మధ్య హ్యాండిల్ గిలగిల ఊగడం సైడ్‌కార్ బండ్లకు మామూలే. మెడ బేరింగుల బిగువు చూసుకుని హ్యాండిల్ ఊపును అణిచే స్టీరింగ్ డాంపర్ వేయించండి. బరువుకు లాగకపోతే ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించాలి, టాప్ స్పీడు ఎలాగూ అక్కర్లేదు.

నడపడం మాత్రం మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సిందే. యాక్సిలరేటర్ ఇస్తే బండి ఎడమకు, సైడ్‌కార్‌కు బ్రేక్ లేకపోతే బ్రేక్ వేసినప్పుడు కుడికి పోతుంది. ఖాళీ సైడ్‌కార్ ఎడమ మలుపులో లేస్తుంది. అప్పుడు హ్యాండిల్ కుడికి తిప్పితే దిగుతుంది గానీ, కుడివైపున ఎదురుగా లారీ రావచ్చు. అందుకని మలుపుకు ముందే వేగం తగ్గించాలి. మొదట్లో 30–40 కిలోల ఇసుక మూట కదలకుండా కట్టి ఖాళీ మైదానంలో తిప్పండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించి, క్లాంపుల పక్కన పెయింట్‌లో వెంట్రుకవాసి గీతలేమైనా పడ్డాయేమో టార్చి వేసి చూడండి.