దేవుని చిత్తం తెలుసుకోవడం ఎలా? (వాగ్దానం కార్డు తీసి ఊరుకోకుండా)

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి ఈ సీన్ తెలిసే ఉంటుంది, పన్నెండు దాటాక హ్యాపీ న్యూ ఇయర్లు, వందనాలు అన్నీ అయిపోయి అందరూ లైన్లో నిలబడి పళ్ళెంలో బోర్లించిన వాగ్దానం కార్డుల్లోంచి (ఒక్కో దాని మీద ఒక్కో బైబిల్ వచనం ఉంటుంది, అదే ఆ ఏడాదికి మన వాగ్దానం అనుకుంటాం) తలా ఒకటి తీస్తారు. డిగ్రీ అయ్యాక నేను వరసగా నాలుగేళ్ళు తీశా. అందులో రెండుసార్లు బైబిల్లో యిర్మీయా గ్రంథం 29:11 వచ్చింది, అదే, మీ గురించి నా ఉద్దేశాలు నాకు తెలుసు, అవి మేలుకే గానీ కీడుకి కాదు అని దేవుడు చెప్పే మాట. ఆ కార్డుని ఫోన్ కవర్‌ వెనక పెట్టుకుని తిరిగా. బ్యాంక్ ఎగ్జామ్స్ రాస్తూనే ఉన్నా, పోతూనే ఉన్నాయి. మా పెద్దమ్మేమో "దేవుడికి నీ మీద ఏదో ప్లాన్ ఉందిలేవే" అనేది. ఉందని నాకూ నమ్మకమే, కానీ అదేంటో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా అని నా ఏడుపు.

నేను పాస్టర్ని కాదు, బైబిల్ కాలేజీలో చదవలేదు. దేవుని చిత్తం, అంటే మన విషయంలో దేవుడు కోరుకునేది, తెలుసుకోవడం గురించి తిప్పలు పడి నేర్చుకున్నది చెప్తున్నా, మీ పరిస్థితిని బట్టి ముందూ వెనకా చేసుకోండి.

1. ముందు అడిగే ప్రశ్న మార్చండి

"ప్రభువా, నా జీవితం మొత్తానికి నీ ప్లాన్ ఏంటి" అని అడగడం మానేసి "ఈ నెల నేనేం చేయాలి" అని అడగండి. 119వ కీర్తనలో నీ వాక్యము నా పాదములకు దీపము అని ఉంది కదా, ఆ రోజుల్లో దీపం అంటే నూనె ప్రమిద, కారు హెడ్‌లైట్ కాదు. కరెంట్ పోయినప్పుడు ప్రమిద పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చూడండి, రెండడుగులు కనిపిస్తుంది అంతే, ఆ రెండూ వేస్తేనే తర్వాతి రెండూ కనిపిస్తాయి.

2. మీకొచ్చిన వాగ్దానం చుట్టూ ఉన్న అధ్యాయం మొత్తం చదవండి

ఇది నేను నాలుగేళ్ళు లేటుగా చేశా. యిర్మీయా 29 అసలు ఒక ఉత్తరం. బబులోనుకి చెరపట్టుకుపోయిన వాళ్ళకి యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. పదకొండో వచనం కంటే ముందు ఏముందో చూడండి: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. ఆ పట్టణం అంటే ఏదో కాదు, వాళ్ళని కొల్లగొట్టి తీసుకుపోయిన శత్రువుల ఊరే! పదో వచనంలో డెబ్బై ఏళ్ళు పడుతుందని చెప్తాడు. అంటే ఉత్తరం చదివిన పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఊరు చూడరు. ఆ తర్వాతే మనం కార్డు మీద వేసుకునే మాట.

దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉంటాడు, రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని అందరికీ నచ్చే మాట చెప్తాడు. అది అబద్ధమని తేలింది. మీటింగుల్లో హనన్యాలకి ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు లెండి.

కాబట్టి పద్ధతి ఇది. రోజుకి పావుగంట పెట్టుకోండి, ఫోన్ వేరే గదిలో పెట్టేయండి, ఒక వచనం కాదు ఒక భాగం మొత్తం చదవండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మార్కు సువార్త, పదహారు అధ్యాయాలే. ఒక నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాయండి: ఎవరు ఎవరితో చెప్తున్నారు, ఎందుకు చెప్తున్నారు, ఇవాళ దీన్ని బట్టి నేను చేయాల్సిన పని ఏదన్నా ఉందా. మూడోదానికి చాలా రోజులు ఏమీ రాదు, పర్లేదు, ఖాళీగా వదిలేయండి, బలవంతంగా రాస్తే మనకి ముందే ఇష్టమైనదే రాసుకుంటాం.

3. తెలిసిన చిత్తం ముందు చేయండి

బైబిల్లో ఇదే దేవుని చిత్తం అని నేరుగా రాసినవి కొన్ని ఉన్నాయి, 1 థెస్సలొనీకయ 4, 5 అధ్యాయాలు చూడండి, పవిత్రంగా ఉండటం, ప్రతి విషయంలో కృతజ్ఞత చెప్పడం. మీకా 6:8లో న్యాయం, కనికరం, దీనమనస్సు. ఏ ఉద్యోగం, ఏ ఊరు, ఎవరితో పెళ్ళి అని ఉపవాసాలుండే మనం తమ్ముడితో ఆరు నెలలుగా మాట్లాడం. మాట్లాడండి. అప్పు తీసుకున్న డబ్బు ఇచ్చేయండి. దీని మీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

4. చేతిలో ఏముందో లిస్టు రాయండి

మోషేని పిలిచినప్పుడు దేవుడు అడిగింది "నీ చేతిలోనిది ఏమిటి" అని. కర్ర. గొర్రెలు కాసే కర్ర.

మా ఒంగోలు వైపు వాళ్ళకి క్లౌ దొర పేరు కొత్త కాదు. జాన్ క్లౌ 1866లో అమెరికా నుంచి ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ. మిషనరీ కాకముందు, కుర్రాడిగా ఉన్నప్పుడు అక్కడ భూముల సర్వే పని నేర్చుకున్నాడు. సువార్త చెప్పడానికి వచ్చినాయనకి సర్వేతో ఏం పని? కానీ 1876–78లో ఘోరమైన కరువొచ్చింది, మన పెద్దోళ్ళు ధాత కరువు అనేది అదే. అప్పుడు ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే ఈయన అందులో కొంత భాగానికి కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వాళ్ళని పనిలో పెట్టి కూలి ఇప్పించాడు, ఎప్పుడో నేర్చుకున్న కొలతల పని అప్పుడు అక్కరకొచ్చింది. ఇంకో సంగతి, తిండి కోసం చేరారు అన్న మాట రాకూడదని కరువులో బాప్తిస్మాలు ఆపేశాడు, తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ నంబరే అందరూ చెప్తారు, నాకు మాత్రం ఆ సర్వే పనే గుర్తుండిపోయింది.

మీ లిస్టులో మీకు వచ్చినవే కాదు, జనం దేనికోసం మీ దగ్గరికి వస్తారో అది కూడా రాయండి, ఎక్కువసార్లు సంగతి అక్కడే దొరుకుతుంది. నా విషయంలో అదే జరిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక అవ్వ నా దగ్గరికొచ్చి బైబిల్ తెరిచేది, వాక్యం అడగడానికి కాదు, కీర్తనల మధ్యలో ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాంకు పాస్‌బుక్ పెట్టుకునేది. "అమ్మాయ్, పింఛను పడిందా చూడు." నేను చూసి చెప్పేదాన్ని. తర్వాత ఇంకో అవ్వ. ఆధార్‌లో పేరు తప్పు పడిందని ఒకాయన. బ్యాంక్ ఎగ్జామ్స్‌కి చదివింది పనికి రాలేదని ఏడుస్తున్న దాన్ని, అదే చదువుతో ప్రతి ఆదివారం నలుగురికి పని చేసి పెడుతున్నా, అదొక తలాంతు, అంటే దేవుడిచ్చిన సామర్థ్యం, అని నాకు రెండేళ్ళు తట్టలేదు.

5. మీకు దేని మీద భారం ఉందో చూసుకోండి

మన సంఘాల్లో వాడే మంచి మాట ఇది, భారం. ఏ సంగతి వింటే మీకు రాత్రి నిద్ర పట్టదు? తమిళనాడులోని తిండివనంలో మిషనరీ కూతురు ఐడా స్కడర్ దగ్గరికి ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కాన్పు కష్టమైంది, మా ఆడవాళ్ళని చూడమని అడిగారు, మగ డాక్టరు వద్దన్నారు, ఆమె అప్పటికి డాక్టరు కాదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె వెళ్ళి మెడిసిన్ చదివి 1900లో తిరిగొచ్చింది, మనవాళ్ళు బస్సులెక్కి వెళ్ళే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి అలా మొదలైంది.

అయితే కన్వెన్షన్ (పెద్ద సువార్త సభలు) ఆఖరి రాత్రి పాట పాడుతుంటే కళ్ళనీళ్ళు వస్తే అదంతా భారం కాదు. కొన్నాళ్ళు ఆగండి. బైబిల్లో నెహెమ్యా, పర్షియా రాజు దగ్గర పనిచేసిన యూదుడు, యెరూషలేము గోడ కూలి ఉన్న సంగతి విన్న తర్వాత రాజుతో మాట్లాడటానికి దాదాపు నాలుగు నెలలు ప్రార్థనలో ఉన్నాడు, గోడ కట్టడానికి పట్టింది మాత్రం 52 రోజులు. నాలుగు నెలల తర్వాత కూడా అదే సంగతి మిమ్మల్ని తొలిచేస్తుంటే అప్పుడు సీరియస్‌గా తీసుకోండి.

6. మూడు నెలలు చిన్నగా చేసి చూడండి

ఉద్యోగం మానేసి దూకకండి ప్లీజ్. పిల్లలకి చెప్పాలనిపిస్తే సండే స్కూల్లో ఒక క్లాసు అడగండి, రోగుల మీద భారం ఉంటే వారానికొకసారి గవర్నమెంటు హాస్పిటల్‌కి వెళ్ళి కూర్చోండి. మూడు నెలల తర్వాత చూసుకోండి, చేసినందువల్ల ఎవరికన్నా నిజంగా మేలు జరిగిందా, మీకు అలసటొచ్చినా మళ్ళీ వెళ్ళాలనిపిస్తోందా. లేదా? అయితే అది మీది కాదు, సిగ్గుపడాల్సింది ఏం లేదు.

7. మిమ్మల్ని సోమవారం చూసేవాళ్ళని అడగండి

ఒకసారి వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు నా తల మీద చెయ్యి పెట్టి నువ్వు విదేశాలకి వెళ్తావు అన్నాడు, ఆయన ఎవరో మీకు అనవసరం, ఆ మాట పట్టుకుని నేను పాస్‌పోర్టు తీసుకుని రెండేళ్ళు ఎదురుచూశా. ప్రవచనాన్ని తీసిపారేయొద్దు, అన్నీ పరీక్షించండి అని అపొస్తలుడు పౌలే రాశాడు, నేను రెండో సగం మర్చిపోయా. ఆదివారం తెల్లబట్టల్లో కాకుండా ఇంట్లో కోపంలో, డబ్బు విషయంలో మిమ్మల్ని చూసిన ఇద్దరు ముగ్గుర్ని అడగండి, అందులో ఒకరు మీ మాటకి అడ్డం చెప్పేవాళ్ళై ఉండాలి.

తలుపులు మూసుకుపోతుంటే

అపొస్తలుల కార్యములు 16లో పౌలు ఆసియాలో చెప్దామనుకుంటే ఆటంకం, బితూనియకి వెళ్దామంటే కాదు, ఎటూ కాకుండా త్రోయ అనే ఊరికి చేరాకే మాసిదోనియకి రమ్మనే దర్శనం వచ్చింది. ఆగడం కూడా దారిలో భాగమే. ఒంగోలులో 1854 జనవరి 1న తెల్లవారుజామున ఐదుగురు కొండెక్కి ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు, క్లౌ దొర వచ్చింది పన్నెండేళ్ళకి.

ఇంకొక్క మాట. దారి తెలియకపోవడం వేరు, బతకాలనిపించకపోవడం వేరు. ఏలీయా ప్రవక్త నా ప్రాణం తీసెయ్ అని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు ప్రసంగం చెప్పలేదు, నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పెట్టాడు, అదీ రెండుసార్లు. మీది ఆ స్థితి అయితే పైవన్నీ పక్కన పెట్టి ఇంట్లోవాళ్ళకి చెప్పండి, డాక్టర్ని కలవండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ. విశ్వాసం తక్కువై డాక్టరు దగ్గరికి వెళ్ళారని ఎవరన్నా అంటే పట్టించుకోకండి.

నేనిప్పుడు ఊళ్ళో ఒక చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నా, పింఛన్లు, ఆధార్‌లు, స్కాలర్‌షిప్పులు. జీవితమంతా ఇదేనా అంటే తెలియదు, ఈ నెలకి ఇదే. కిందటి జనవరి 1న కూడా కార్డు తీశా, ఇంటికొచ్చి అధ్యాయం మొత్తం చదివా. రెండో తారీఖు పొద్దున్నే అవ్వ వచ్చి పాస్‌బుక్ తీసింది, అందులోంచి వాగ్దానం కార్డు జారిపడింది. ఆమెకి చదవడం రాదు. "పింఛను తర్వాత చూద్దువు గానీ, ముందు నాకేమొచ్చిందో చదువు" అంది.