పిల్లి సామెతలను ఉట్టితో సహా రాసుకోవడం ఎలా

విజయవాడలోనో గుంటూరులోనో ఏ ఇంటి వసారాలోనైనా అరగంట కూర్చుని పెద్దవాళ్ళ మాటలు వింటే, ఎక్కడో ఒకచోట పిల్లి ఎదురుపడక మానదు. ఏ పార్టీలో ఉంటాడో తేల్చని నాయకుడు గోడమీది పిల్లి. పరీక్ష ఫలితాల కోసం గదిలో అటూ ఇటూ తిరిగే కుర్రవాడు కాలుగాలిన పిల్లి. చందా అడగవస్తే తలుపు వేసుకునే ఆసామి పిల్లికి కూడా బిచ్చం పెట్టనివాడు. ఈ మాటలను, వాటి వెనుకనున్న నమ్మకాలను, కథలను పోగుచేసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విచారించి రాసిపెట్టుకోదలచిన వారికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి ఒక నోటు పుస్తకం, తీరిక, వినే ఓపిక ఉంటే చాలును.

అన్నిటికంటే ముందు పాటించవలసిన నియమం ఒకటి ఉన్నది. సామెతను మాత్రమే రాసుకోకూడదు. అది పుట్టడానికి కారణమైన వస్తువును కూడా పక్కనే రాసుకోవాలి. ‘పిల్లి శాపాలకు ఉట్లు తెగవు’ అన్న మాటను తీసుకుంటే, పాలకుండ, పెరుగుకుండ అందకుండా దూలానికి వేలాడదీసిన తాళ్ళ ఉట్టిని చూసినవారికి అది విడమరచి చెప్పనక్కరలేదు. కింద కూర్చుని పైకి చూస్తూ అరిచే పిల్లి వారి కళ్ళ ముందే ఉంటుంది. కృష్ణాష్టమినాడు వీధిలో కొట్టే ఉట్టిని తప్ప మరొక ఉట్టిని ఎరుగని పిల్లలకు, ఆ పిల్లి ఎందుకు శపిస్తున్నదో బోధపడదు. అలాగే ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటే ఆ పూట ఇంట్లో వంట కాలేదని అర్థం. కట్టెల పొయ్యి ఆరిన తరువాత కూడా బూడిదలో వెచ్చదనం మిగిలి ఉంటుంది కనుక, పిల్లి రాత్రంతా అందులో ముడుచుకుని పడుకునేది. తెల్లవారి ఇల్లాలు బూడిద ఎత్తి నిప్పు వేయబోతే లేచిపోయేది. వండడానికి గింజలే లేని ఇంట్లో దానిని లేపేవారుండరు. పేదరికాన్ని గురించి ఇంత తక్కువ మాటల్లో ఇంత చెప్పిన పలుకుబడి మరొకటి నాకు తెలియదు. అయితే గ్యాసు పొయ్యి మీద పిల్లి పడుకోదు కనుక, ఆ బూడిద సంగతి రాసిపెట్టకపోతే మాట మిగిలి అర్థం పోతుంది.

అందువల్ల పెద్దవారి దగ్గరకు వెళ్ళి ‘పిల్లి మీద సామెతలు చెప్పండి’ అని అడగడం మంచి పద్ధతి కాదు. అలా అడిగితే రెండు చెప్పి ఆగిపోతారు. దానికి బదులు పాలు ఎక్కడ దాచేవారు, ధాన్యం గాదెలో పోసేవారా, గడ్డితాడు చుట్టి పురి కట్టేవారా, ఎలుకల బెడద ఎలా ఉండేది, పెంకుటింటి కప్పు మీద రాత్రిపూట ఏమి చప్పుళ్ళు వినిపించేవి అని అడగాలి. వస్తువు గుర్తుకు వస్తే దానితో మాట తనంతట తానే వస్తుంది. మా ప్రాంతంలో దీనికి అనువైన సమయం ఎండాకాలంలో ఆవకాయ పెట్టే రోజులు. నలుగురు ఆడవాళ్ళు ఒకచోట చేరి, ఒకరు కాయ తుడుస్తూ, ఒకరు కారం జల్లిస్తూ మాట్లాడుకునేటప్పుడు, ‘నువ్వూరుకో పిన్నీ, మీ ఊళ్ళో అలా అనరు’ అని ఒకరినొకరు దిద్దుకుంటారు. ఆ దిద్దుబాట్లే పాఠాంతరాలు. వాటిని వదలకుండా రాసుకోవాలి. పిల్లి గుడ్డిదైతే ఎలుక ఏమి చూపిందన్న సామెత వంటివి కొన్ని కొంచెం మోటుగా ఉంటాయి. కొత్తవారి ముందు వాటిని మింగివేయడం సహజం. ఒకసారి నోట వచ్చిన తరువాత మాత్రం, మర్యాద కోసం మాటను మార్చి రాయడం సేకరించేవారు చేయదగిన పని కాదు.

శకునాల విషయంలో ప్రశ్న మరొక విధంగా ఉండాలి. పిల్లి ఎదురైతే మంచిది కాదన్న సంగతి అందరికీ తెలిసినదే. అందులో రాసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎదురైనప్పుడు ఏమి చేస్తారన్నది అడగాలి. కొందరు వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి బయలుదేరుతారు. కొందరు మరొక బండి ముందు దాటేదాకా స్కూటరు ఆపుకుని నిలబడతారు. తన ముందు దాటినవాడికి ఆ శకునం తగులుతుంది కదా అని అడిగితే వచ్చే జవాబులు వినదగినవి. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలన్న మాట కూడా దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఎదురువస్తే అపశకునమని తరిమే జంతువునే చంపరాదని ఇంత గట్టి కట్టడి పెట్టుకున్నామంటే, గాదె ఉన్న ఇంటికి దాని అవసరం ఎంతో ఊహించుకోవచ్చును. నల్లపిల్లి విషయంలో లోకమంతా ఒకే మాట మీద ఉన్నదని కూడా అనుకోకూడదు. బ్రిటన్‌లో చాలాచోట్ల నల్లపిల్లి ఎదురురావడం అదృష్టమని నమ్ముతారు.

ఆచారాలు ఎలా పుడతాయో చెప్పే పిల్లి కథ ఒకటి మన వైపు అందరికీ తెలిసినదే అయినా, తప్పక రాసుకోవాలి. తద్దినం రోజున మడి వంటలో పిల్లి మూతి పెడుతుందన్న భయంతో ఒకాయన దానిని గంప కింద మూసిపెట్టేవాడు. చూస్తూ పెరిగిన కొడుకు, తండ్రి తద్దినంనాడు పిల్లి కోసం ఊరంతా వెదికి, పక్కింటి పిల్లిని తెచ్చి గంప కింద పెట్టి, అప్పుడు గానీ భోక్తలను కూర్చోబెట్టలేదు. ఈ కథ రాసుకునేటప్పుడు, చెప్పినవారు దానిని ఎవరి మీద విసిరారో కూడా గుర్తు పెట్టుకోవాలి. నేను విన్నంతలో ఇది ఎక్కువగా ఇంట్లో ఏదైనా కార్యం జరుగుతుండగా, ‘ఇది ఎందుకు చేస్తున్నాము’ అని ఒక చిన్నవాడు అడిగినప్పుడు బయటికి వస్తుంది. తరచుగా చెప్పేది పెద్దాయనే.

ఇంట్లో పోగుచేసిన తరువాత గ్రంథాలయానికి వెళ్ళాలి. విజయవాడలో రామ్మోహన్ గ్రంథాలయం, గుంటూరులో బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం ఈ పనికి ఉపకరిస్తాయి. సామెత ఎంత పాతదో తెలుసుకోవడానికి 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో అచ్చువేయించిన తెలుగు సామెతల సంపుటి ఒక మంచి గీటురాయి. అందులో కనిపించిన మాటకు కనీసం నూట యాభై ఏళ్ళ వయసున్నదని ధైర్యంగా రాయవచ్చును; కనిపించనంత మాత్రాన కొత్తదని రాయకూడదు.

పాత గ్రంథాలలో పిల్లి ఎక్కువగా దొంగ తపస్విగా కనిపిస్తుంది. మనుస్మృతి నాలుగవ అధ్యాయం కపట ధార్మికుని ‘బైడాలవ్రతికుడు’ అన్నది, బిడాలమంటే పిల్లి. మహాభారతం ఉద్యోగపర్వంలో ఉలూకుడనే దూత ద్వారా దుర్యోధనుడు పాండవులకు పంపిన నిష్ఠురాలలో, గంగ ఒడ్డున చేతులెత్తి తపస్సు నటించి ఎలుకలను తిన్న పిల్లి కథ ఉన్నది. మహాబలిపురంలో ఏడవ శతాబ్దపు పల్లవ శిల్పులు ఒక పెద్ద కొండరాతి మీద ఒక పిల్లిని వెనుక కాళ్ళ మీద నిలబెట్టి, చేతులెత్తించి, దాని చుట్టూ ఎలుకలను చెక్కారు. హితోపదేశంలో ముసలి గద్దను నమ్మించి పక్షిపిల్లలను తిన్న దీర్ఘకర్ణుడనే పిల్లి కథను చిన్నయసూరి నీతిచంద్రిక ద్వారా మన పెద్దలు బడిలోనే చదువుకున్నారు. మనుస్మృతి అదే చోట కొంగను కూడా దొంగవ్రతానికి ఉదాహరణగా చెప్పింది. తెలుగువారు జపాన్ని కొంగకు ఇచ్చి కొంగజపం అన్నారు. పిల్లికి మాత్రం కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడడం లేదనుకునే అమాయకపు దొంగతనాన్ని మిగిల్చారు. కాలువల్లోనూ వరిమళ్ళలోనూ ఒంటికాలి మీద నిలబడే కొంగలను రోజూ చూసే కృష్ణా డెల్టావాసికి ఈ పంపకం సరిగానే తోస్తుంది. ఇది నా ఊహ. మీ పుస్తకంలో ఇటువంటి ఊహలను వేరే రంగు సిరాతో రాసుకోవడం మేలు.

పిల్లి అన్నిచోట్లా మోసగత్తె కాదు. శాంతిపర్వంలో వలలో చిక్కిన లోమశుడనే పిల్లికీ, పలితుడనే ఎలుకకూ జరిగిన ఒప్పందం రాజనీతి పాఠం. శాంతిపర్వం తిక్కన ఆంధ్రీకరించిన భాగంలోనిదే కనుక, సంస్కృతాన్నీ తెలుగునూ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం ఉన్నది. శ్రీవైష్ణవంలో తెంగలై సంప్రదాయం వారు శరణాగతికి తల్లిపిల్లినే దృష్టాంతంగా తీసుకున్నారు. కోతిపిల్ల తల్లిని పట్టుకుని వేలాడాలి. పిల్లికూన ఏమీ చేయనక్కరలేదు, తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. దీనినే మార్జాల కిశోర న్యాయమంటారు. పసికూనలకు చోటు క్షేమం కాదనిపించినప్పుడల్లా తల్లిపిల్లి చేసే ఈ పనినే మన ఇళ్ళలో ‘పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు’ అని అద్దె ఇళ్ళు మారేవారి మీద ప్రయోగిస్తారు. మంగళగిరి వంటి వైష్ణవ క్షేత్రంలో ఒక అర్థం, గుంటూరు బ్రాడీపేట మేడ మీద సామాను దించుతున్నచోట మరొక అర్థం. రెండింటినీ ఒకే పుటలో రాసుకోవాలి.

ఒకే కథ ఊరు మారితే పిల్లి ఎలా మాయమవుతుందో అహల్య కథ చూపుతుంది. కథాసరిత్సాగరంలోనూ కంబ రామాయణంలోనూ గౌతముడు రాగానే ఇంద్రుడు పిల్లి రూపం ధరిస్తాడు. మన జనపదాలలో అతడు కోడియై కూయడమే ప్రసిద్ధం. వాల్మీకంలో ఇవి రెండూ లేవు.

తెనాలి మనకు కూతవేటు దూరంలోనే ఉన్నది కనుక, వేడిపాలకు మూతి కాలి, ఆ తరువాత పాలను చూస్తేనే పారిపోయిన పిల్లి కథ తప్పకుండా చేతికి వస్తుంది. తెనాలి రామకృష్ణుడు పాండురంగ మాహాత్మ్యం రాసిన కవి. పిల్లి కథ జనం నోట పెరిగిన కథ. మొదటిదాన్ని చరిత్ర కింద, రెండవదాన్ని కథల కింద రాయాలి. వేరుచేయడం తక్కువ చేయడం కాదని ఊరివారికి నచ్చజెప్పడం మాత్రం మీ నేర్పు.

బయటి చరిత్రను రాసుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. ఫోనులో తిరిగే పిల్లి విశేషాలలో సగం వట్టివి. నిలిచేవి కొన్ని ఉన్నాయి. ఇంటిపిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల అడవిపిల్లి. ధాన్యం నిల్వచేసినచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లి చేరాయి. అంటే మన గాదె కథే. సైప్రస్ ద్వీపంలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి సమాధి సుమారు 9,500 ఏళ్ళనాటిది. ఈజిప్టులో బాస్టెట్ దేవతకు పిల్లి తల ఉన్నది. ఇంటిపిల్లి చనిపోతే ఇంటివారందరూ కనుబొమలు గొరిగించుకునేవారని క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంత గౌరవంతో పూడ్చిన పిల్లి మమ్మీలను 1890లో ఓడలకెత్తి లివర్‌పూల్‌లో ఎరువుగా అమ్మారు. ఐరోపాలో పిల్లులను చంపినందువల్లనే మహామారి వచ్చిందన్న మాట మాత్రం నిరూపితం కాదు, దానిని రాసుకోవద్దు. ‘పిల్లికి తొమ్మిది ప్రాణాలు’ ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. స్పెయిన్‌వారు ఏడే అంటారు.

పేరులో పిల్లి ఉన్నవన్నీ పిల్లులు కావు. తిరుమల స్వామికి పూసే పునుగు తైలాన్నిచ్చే పునుగుపిల్లి వేరే కుటుంబానికి చెందిన జంతువు; కృష్ణా నది సముద్రంలో కలిసేచోట మడ అడవులలో చేపలు పట్టే నీటిపిల్లి మాత్రం నిజంగా పిల్లిజాతిదే. పిల్లిపీచర అంటే శతావరి మొక్క. పెరటిలో మొలిచే కుప్పింట మొక్కను వేరుతో పెరికి పిల్లి ముందు వేస్తే అది దాని మీద పడి దొర్లుతుంది. ఇది నమ్మకం కాదు, చూడదగిన సంగతి.

చివరగా పిల్లలను అడగాలి. 1940లో మొదలైన టామ్ అండ్ జెర్రీ చూసి పెరిగినవారికి ‘పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం’ తలకిందులుగా వినిపిస్తుంది. జపాన్ కార్టూన్‌లోని డోరేమాన్ ఎలుకను చూస్తే పారిపోయే పిల్లి. దుకాణాల గల్లాపెట్టె మీద చెయ్యి ఊపే బంగారు రంగు పిల్లిని అందరూ చైనా బొమ్మ అంటారు, అది జపాన్‌ది. అది టాటా చెప్పడం లేదు, పిలుస్తున్నది. అక్కడివారు కూడా మనలాగే అరచేతిని కిందికి వంచి రమ్మంటారు.

ప్రతి మాట దగ్గరా చెప్పినవారి వయసు, పుట్టిన ఊరు, మాట వచ్చిన సందర్భం రాయాలి. పేరు వారు సరేనంటేనే రాయాలి. ఉట్టి అల్లడం తెలిసినవారు ఎవరైనా దొరికితే, ఆ ఒక్క పూట సామెతలు అడగకుండా, తాడు తెచ్చిపెట్టి, ఎన్ని పేటలు వేశారో, ముడి ఎక్కడ పడిందో చూసి బొమ్మ గీసుకోవాలి.