తుఫాన్లు మొదలుకాకముందే ర్యామ్ పని కానిచ్చేయండి, కానీ తొందరపడి కాదు

దసరా రోజులు వచ్చేసరికి మన శ్రీకాకుళం వైపు ఆకాశాన్ని నమ్మలేం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, అది ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అందుకే పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్, అంటే మిషన్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ, పెంచే ఆలోచన ఉంటే సెప్టెంబరులోనే చూసుకోండి, కరెంటు వస్తూ పోతూ ఉండే రోజుల్లో క్యాబినెట్ విప్పుకుని కూర్చోకండి.

నా అనుభవం చెబుతాను. మా డీటీపీ షాపులో 4జీబీ ఉన్న మిషన్‌కి సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 4జీబీ స్టిక్ తెచ్చి పెట్టాను. ఆన్ అయింది, 8జీబీ చూపించింది, ఇంకేం కావాలి అనుకున్నాను. వారం తర్వాత ఒక శుభలేఖ ఫైలు తెరిస్తే సగం పేజీ పిచ్చి అక్షరాలు, అదే వారం సేవ్ చేసిన మరికొన్ని ఫైళ్లు అసలు తెరుచుకోలేదు. పెళ్లి దగ్గర పడింది, ఆ రాత్రంతా కూర్చుని మళ్లీ టైపు చేశాను. పాడైన ర్యామ్ ఉంటే మిషన్ ఆగిపోతుందని మనం అనుకుంటాం. ఆగకుండా నడుస్తూ, సేవ్ చేసిన ఫైళ్లను మనకు తెలియకుండా చెడగొట్టేదే అసలు ప్రమాదం. కాబట్టి విప్పే ముందు ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

కొనడానికి వెళ్లేముందు లోపల ఉన్న స్టిక్ మీది లేబుల్ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ర్యామ్‌లో డీడీఆర్3, 4, 5 అని తరాలు ఉంటాయి, పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ4 అంటే డీడీఆర్4. ఉదాహరణకి పీసీ3-12800 అంటే 1600 స్పీడు, పీసీ4-2400 అంటే 2400 స్పీడు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి, డీడీఆర్5కి 288, అయినా ఈ రెండిటికీ మధ్యలో గాటు వేరేచోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. దిగకపోతే నొక్కకండి. పీసీ4-2400టీ తర్వాత యూ అక్షరం ఉంటే మన డెస్క్‌టాప్‌లకి పనికొచ్చేది, ఆర్ ఉంటే సర్వర్‌ది, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే డీడీఆర్3 స్టిక్స్‌లో కొన్ని ఏఎండీ ప్రాసెసర్ ఉన్న మదర్‌బోర్డులకి మాత్రమే పనిచేస్తాయి, ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఇంటెల్ బోర్డు ఉన్నవాళ్లు అది చదివాకే డబ్బులు కట్టండి. విండోస్ 32 బిట్ అయితే మాత్రం 4జీబీ దాటి వేసినా ఉపయోగం లేదు, ముందు అది చూసుకోండి.

కుదిరితే ఒకే ప్యాక్‌లో వచ్చే రెండు స్టిక్స్ కొనండి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ నంబర్ ఉన్నా వేరువేరు కాలాల్లో తయారైతే లోపలి చిప్స్ మారిపోయి ఉండొచ్చు. 2400, 2666 కలిపితే రెండూ 2400 మీదే నడుస్తాయి, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు, కానీ వేరువేరు స్టిక్స్ కలిపినప్పుడే మొండితనం ఎక్కువ చూపిస్తాయి. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, అప్పుడే డ్యూయల్ ఛానల్, అంటే రెండు స్టిక్స్‌ని ఒకేసారి వాడుకునే పద్ధతి, పనిచేస్తుంది. పక్కపక్కన పెట్టేయకండి.

ఇప్పుడు విప్పే పని. కరెంటు పోయింది కదా, ఇదే సమయం అని మా ఇంటి కుర్రాడు ఒకసారి స్క్రూడ్రైవర్ తీశాడు, ప్లగ్ మాత్రం గోడ స్విచ్‌బోర్డులోనే ఉంది. అదెంత తప్పో వాడికి తెలియదు. కరెంటు ఏ క్షణంలో వచ్చినా మిషన్ ఆఫ్‌లో ఉన్నా సరే మదర్‌బోర్డుకి స్టాండ్‌బై కరెంటు వెళ్తూనే ఉంటుంది. చాలా బోర్డుల మీద చిన్న లైటు వెలుగుతూ కనిపించేది అందుకే. తీగ పూర్తిగా పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, ఆ లైటు ఆరిపోతుంది. తర్వాత క్యాబినెట్ లోపల రంగు లేని ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకుని, అప్పుడు స్టిక్‌ని అంచులు పట్టుకుని తీయండి.

మన తీరం ఊళ్లలో ఉప్పు గాలికి స్టిక్ కింది బంగారు రంగు గీతలు మసకబారతాయి. పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి బ్రష్‌తో రజను దులపండి. ఉప్పు కాగితం వద్దు, నోటితో ఊదడమూ వద్దు, ఉమ్మి తుంపరలు పడతాయి. పెట్టేటప్పుడు గాటు సరిగ్గా చూసుకుని రెండు చివర్లా సమానంగా నొక్కితే టక్‌మని క్లిప్ పడుతుంది. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒక పక్కే ఉంటుంది, అప్పుడు రెండో పక్క సరిగ్గా దిగిందో లేదో కళ్లతో చూడండి. స్క్రీన్ నల్లగా ఉంటే కంగారు పడకండి, ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడండి. డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, ఆ మధ్యలో ఆపేయకండి.

ఆన్ అయ్యాక బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ర్యామ్‌ని ఎక్కువ స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీని ఆఫ్‌లోనే ఉంచి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌తో ఒక రాత్రి నడపండి, ఇన్వర్టరో యూపీఎస్సో ఉంటే మరీ మంచిది. అందులో ఎర్రగా ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ వెనక్కి ఇచ్చేయండి, షాపువాళ్లు ఏం పర్లేదు అన్నా వినకండి. రాత్రంతా దాటాకే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఇంకోసారి చూడండి. పాత స్టిక్ మాత్రం నెల రోజుల దాకా ఎవరికీ ఇవ్వొద్దు.